తీరపు మొక్కకు బోరు నీరెందుకు పడదు?

ఈ నెల మొక్కల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఏడింటిని విడిగా తీసి పెట్టుకున్నాను. ఏడూ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలోని తెలుగువారు రాసినవే, ఏడూ కీటకాలను తినే మొక్కల గురించే. ఆన్‌లైన్ దుకాణాల పుణ్యమా అని నోరులా మూసుకునే ఆకులతో పురుగును పట్టే వీనస్ ఫ్లైట్రాప్ అనే అమెరికా మొక్క మన బాల్కనీల దాకా వచ్చింది, దాని వెంటే సందేహాలూ వచ్చాయి. మామిడి పూత గురించి, గులాబీ చీడల గురించి రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడి పోరు పడలేక 700 రూపాయలు పెట్టి వీనస్ ఫ్లైట్రాప్ తెప్పించాము. వచ్చినప్పుడు ఎనిమిది నోళ్లతో కళగా ఉండేది. చిన్న కుండీలో ఇరుకుగా ఉందని పెద్ద కుండీలోకి మార్చి, తోటమట్టిలో వర్మీ కంపోస్టు కలిపి, రోజూ బోరు నీళ్లు పోస్తున్నాము. వాడు వారానికోసారి చిన్న చికెన్ ముక్క కూడా పెడుతున్నాడు. మూడు వారాలలో ఐదు నోళ్లు నల్లబడి కుళ్లిపోయాయి. ఇంకేమి వేస్తే బతుకుతుంది? — ఒక గృహిణి, బరంపురం

జవాబు: ఇంకేమీ వేయకండమ్మా. ఇప్పటిదాకా వేసినవన్నీ తీసేస్తే బతికే అవకాశం ఉంది.

ఈ మొక్క పుట్టిన నేలలో నత్రజని, భాస్వరం దాదాపు లేవు. ఏడాదిలో ఎక్కువ కాలం వాననీటితో నానుతూ ఉండే ఇసుకనేల అది, ఉన్న కాసిని పోషకాలనూ ఆ నీరే కడుక్కుపోతుంది. మిగిలిన మొక్కలు బతకలేని ఆ చోట బతకడానికి ఇది పురుగును పట్టి దాని ఒంటిలోని నత్రజనిని తీసుకోవడం మొదలుపెట్టింది. అంటే పురుగు దానికి అన్నం కాదు, ఎరువు. అన్నం మాత్రం అన్ని పచ్చని మొక్కల లాగే ఎండ సాయంతో ఆకులోనే వండుకుంటుంది. ఎరువును నోటితో తీసుకోవడానికి అలవాటుపడిన ఈ మొక్క వేళ్లు సన్నగా, కొద్దిగానే ఉంటాయి. వాటి చుట్టూ వర్మీ కంపోస్టు వేస్తే అందులోని లవణాలు వేళ్లను మాడ్చేస్తాయి. మీరు ప్రేమతో వేసినదే దానికి విషమైంది.

బోరు నీటిదీ అదే కథ. మన బరంపురంలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ సున్నమూ ఉప్పూ రోజుకు కొంచెం చొప్పున కుండీలో పేరుకుంటాయి, ఎందుకంటే నీరు ఆవిరైపోతుంది గాని అవి పోవు. వేప, మందార వంటివి దీన్ని తట్టుకుంటాయి. ఇది తట్టుకోలేదు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, 100 దాటితే ప్రమాదం. ఇంట్లో ఆర్.ఓ. యంత్రం ఉన్నవారు దాని నీరే పోయవచ్చు గాని, రుచి కోసం కొన్ని యంత్రాలు ఖనిజాలను తిరిగి కలుపుతాయి కాబట్టి కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూసుకోవాలి. అన్నిటికంటే మేలైనది వాననీరు. మనకు జూన్ నుంచి అక్టోబరు దాకా వానకు కొదవ లేదు. డాబా మీది తొలి వాన మురికిని పోనిచ్చి, తరువాతి వానను నేరుగా శుభ్రమైన బకెట్లలో పట్టి, రెండు మూతల డబ్బాలలో దాచుకుంటే ఒక్క మొక్కకు వేసవి దాకా సరిపోతుంది.

ఇక చికెన్ ముక్క. దాని నోరు ఎలా పనిచేస్తుందో ఛత్రపురం మాస్టారి ఉత్తరానికి జవాబుగా కింద వివరంగా రాశాను, అబ్బాయి చేత అది కూడా చదివించండి. ఇక్కడికి ఒక్క ముక్క చెబుతాను. నోరు మూసుకున్నాక లోపలి పురుగు గింజుకుంటేనే జీర్ణరసం ఊరుతుంది. చికెన్ ముక్క గింజుకోదు. పైగా అందులోని కొవ్వును అరిగించుకోలేక, ముక్క కుళ్లి, దానితోపాటు ఆకూ కుళ్లుతుంది. మీరు చూసిన నల్లదనంలో సగం ఇదే అయి ఉంటుంది. మిగతా సగంలో కొంత సహజమే. ఒక్కో నోరు జీవితకాలంలో కొద్దిసార్లు మాత్రమే పురుగును అరిగించుకుని, ఆ తరువాత నల్లబడి రాలిపోతుంది, నడిమి నుంచి కొత్తది వస్తుంది. కొత్తది వస్తున్నంత కాలం పాతది నల్లబడిందని దిగులు పడవద్దు.

చేయవలసినది ఇది. మొక్కను మట్టితో సహా తీసి, వాననీటిలో ముంచి మట్టినంతా మెల్లగా వదిలించండి. అడుగున చిన్న ఉల్లిపాయ రెబ్బల లాంటి తెల్లటి దుంప ఉంటుంది. అది గట్టిగా, తెల్లగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే ఆశ తక్కువ. నల్లబడిన ఆకులను కత్తెరతో తీసేసి, ఎరువు కలపని పీట్ మాస్ (కుళ్లిన నాచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతిగుళికలు) సగం సగం కలిపి నాటండి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వద్దు, ఎందుకంటే తీరప్రాంతాలలో కొబ్బరి డొక్కలను ఉప్పటి కయ్యల నీటిలో నానబెట్టడం ఉంది, ఆ ఉప్పు పొట్టును పట్టుకుని ఉంటుంది. గోపాలపూర్ ఇసుక అసలే వద్దు. ఉప్పుతోపాటు అందులో గవ్వల పొడి ఉంటుంది, అంటే సున్నం. కుండీని ఒక పళ్లెంలో పెట్టి, పళ్లెంలో వేలి మందం వాననీరు ఎప్పుడూ ఉండేలా చూడండి. ఉదయం నాలుగైదు గంటల ఎండ నేరుగా తగలాలి. ఏప్రిల్, మే నెలలలో మాత్రం పదకొండు దాటాక నీడకు మార్చండి. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే వేడికి వేళ్లు ఉడికిపోతాయి, తెల్లది మేలు. ఈ దశలో పూకాడ వస్తే మొదట్లోనే తుంచేయండి. పూతకు పెట్టే శక్తి ఇప్పుడు ఆకులకు కావాలి.

అబ్బాయిని కోప్పడకండి. నేను లెక్చరరుగా ఉన్న రోజులలో నా మొదటి మొక్కను మునిసిపాలిటీ కుళాయి నీళ్లతో రెండు నెలలలో చంపాను, అదీ వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాక.

ప్రశ్న: వీనస్ ఫ్లైట్రాప్ తీరప్రాంతపు మొక్క అని చదివాను. మాదీ తీరప్రాంతమే. మొగలి, సరుగుడు, జీడిమామిడి మా ఇసుకలో పోటీపడి పెరుగుతున్నాయి. ఇది ఎందుకు పెరగదు? — ఒక విశ్రాంత ఉద్యోగి, గోపాలపూర్

జవాబు: తీరం అనగానే మనకు అల, ఉప్పుగాలి, ఇసుకదిబ్బ గుర్తుకొస్తాయి. మీ ప్రశ్నలోని చిక్కు ఆ మాటలోనే ఉంది. మొగలిపొద ఉప్పుగాలిని ఎదురొడ్డి నిలిచే మొక్క. గంజాం మొగలికి అంత పేరు రావడంలో ఆ నేలకూ ఆ గాలికీ వాటా ఉంది. వీనస్ ఫ్లైట్రాప్ ఉప్పు ముఖం చూసిన మొక్క కాదు.

అది ప్రపంచం మొత్తం మీద ఒక్కచోటే సహజంగా పెరుగుతుంది. అమెరికా తూర్పు తీరాన ఉత్తర కరొలైనా, దక్షిణ కరొలైనా రాష్ట్రాల కోస్తా మైదానంలో, విల్మింగ్టన్ అనే ఊరి చుట్టూ సుమారు 120 కిలోమీటర్ల పరిధి దాని సొంత ఊరు. మన బరంపురం నుంచి పలాస దాటి మరికొంత దూరం పోయినంత మేర అన్నమాట. ఆ మైదానం ఒకప్పుడు సముద్రగర్భమే గాని, ఇప్పుడక్కడ నేలను తడిపేది వాననీరు. బల్లపరుపుగా ఉండటం వల్ల నీరు పారిపోదు. కుళ్లీ కుళ్లని ఆకూ అలమూ పేరుకుని నేల పుల్లబడుతుంది. పొడుగాటి సూదులుండే ఒక జాతి పైన్ చెట్లు దూరదూరంగా నిలిచిన గడ్డిబయళ్లకూ, పొదలు కమ్మిన బాడవలకూ నడుమ ఉన్న తడి అంచులలో ఈ మొక్క ఉంటుంది. చేతి వేళ్ల ఎత్తుకు మించని మొక్క కాబట్టి పక్కన పొద ఎదిగితే నీడకు చచ్చిపోతుంది. ఆ పొదలను అదుపులో పెట్టేది కార్చిచ్చు. పిడుగు పడి పుట్టిన మంట కొన్నేళ్లకోసారి గడ్డినీ పొదలనూ నాకేస్తే, నేలలోని దుంప నుంచి ఈ మొక్క మళ్లీ చిగురిస్తుంది. మంటలను ఆర్పడం నేర్చిన తరువాతే దానికి కష్టకాలం వచ్చింది. ఇప్పుడు అక్కడి అభయారణ్యాలలో అటవీ సిబ్బందే లెక్క ప్రకారం నిప్పు పెడుతున్నారు.

ఈ మొక్కను గురించి మొదట రాతలో పెట్టినవాడు ఉత్తర కరొలైనా గవర్నరు ఆర్థర్ డాబ్స్. 1759లో లండన్‌లోని మిత్రునికి రాసిన ఉత్తరంలో దీని ప్రస్తావన చేశాడు. 1768లో జాన్ ఎల్లిస్ దీనికి డయోనియా మసిపులా అనే శాస్త్రీయనామం పెట్టాడు. మొదటి మాట ప్రేమదేవత వీనస్‌ను తలపించేది, రెండో మాటకు లాటిన్‌లో ఎలుకలబోను అని అర్థం. ప్రేమదేవతనూ ఎలుకలబోనునూ ఒకే పేరులో ముడివేసిన ఆ పెద్దమనిషి సంసారానుభవం ఎటువంటిదో మనకు తెలియదు.

ఉప్పు ఒక్కటే కాదు, చలి కూడా మీ ప్రశ్నకు జవాబులో భాగమే. ఆ ప్రాంతంలో శీతకాలపు రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి పడతాయి. మొక్క మూడు నాలుగు నెలలు ఆకులు చిన్నవి చేసుకుని నిద్రపోతుంది. ఆ నిద్ర లేకపోతే రెండు మూడేళ్లకు అలసి చనిపోతుంది. గోపాలపూర్‌లో పుష్యమాసంలో కూడా అంత చలి లేదు. మీరు మొగలితోనే తృప్తి పడితే నష్టమేమీ లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: నిద్రకాలం కోసం మొక్కను ఫ్రిజ్‌లో పెట్టాలని ఒక వీడియోలో చెప్పారు. నిజమా? — సెమిలిగుడ

జవాబు: బరంపురం, ఛత్రపురం వంటి చోట్ల వేరే దారి లేక చేసే పని అది. దుంపను కడిగి, తడిపి పిండిన నాచులో చుట్టి, కవరులో పెట్టి, కూరగాయల అరలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఉంచుతారు. వారానికోసారి తీసి బూజు పట్టలేదని చూసుకోవాలి. మీకు ఆ అవస్థ లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మీ ఊళ్లో శీతకాలపు రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి కదా, ఆరుబయట ఎండ తగిలే చోట వదిలేయండి చాలు. పళ్లెంలో నీరు మాత్రం తగ్గించి, మట్టి చెమ్మగా ఉండేలా చూడండి. ఈ ఏడు ఉత్తరాలలో ఈ మొక్కను పెంచడానికి నేను నిస్సంకోచంగా సరేననగలిగినది మీ ఒక్కరికే.

ప్రశ్న: చిలికా ఒడ్డున ఉన్నాము, సాయంత్రమైతే దోమలు పీకేస్తున్నాయి. ఈ మొక్కలు ఒక అరడజను పెడితే తగ్గుతాయా? — రంభ

జవాబు: తగ్గవు. పేరులో ఈగ ఉన్నా, సొంత ఊళ్లో దానికి చిక్కేవాటిలో సగానికి పైగా చీమలు, సాలీళ్లు. ఎగిరేవి చాలా తక్కువ. ఒక నోరు ఒక పురుగును అరిగించుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. పైగా దాని కింద నీటిపళ్లెం పెట్టక తప్పదు, అందులో దోమ గుడ్లు పెడుతుంది. దోమతెర కొనుక్కోండి.

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు కీటకాహార మొక్కల పాఠం చెబుతుండగా ఒక పాప అడిగింది: "మెదడూ నరాలూ లేని మొక్కకు పురుగు వచ్చి వాలినట్టు ఎలా తెలుస్తుంది సార్? వాన చినుకు పడితే కూడా మూసుకుంటుందా?" సరైన సమాధానం చెప్పలేకపోయాను. — ఒక ఉపాధ్యాయుడు, ఛత్రపురం

జవాబు: మాస్టారూ, ఆ పాప అడిగిన రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబు దాగి ఉంది. వాన చినుకుకూ పురుగుకూ తేడా తెలుసుకోవడానికి ఈ మొక్క లెక్కపెడుతుంది.

నోరు అని మనం అంటున్నది ఆకు చివరి భాగం. తెరిచిన పుస్తకంలా రెండు రెక్కలు, అంచున కనురెప్పల వెంట్రుకల్లా వరుసగా ముళ్లు, లోపలివైపు ఎరుపు. ఒక్కో రెక్క లోపల, సాధారణంగా మూడు చొప్పున, సన్నని నూగు నిటారుగా నిలిచి ఉంటుంది. భూతద్దం లేకుండా కనపడటం కష్టం. అంచున ఊరే తీపి కోసం వచ్చిన చీమ ఒక నూగును తాకితే ఆకులో ఒక విద్యుత్ తరంగం పుడుతుంది. మన నరాలలో పరిగెత్తే సంకేతం లాంటిదే అది. 1873లో బర్డన్ శాండర్సన్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు డార్విన్ ప్రోత్సాహంతో దీన్ని కొలిచి చూపించాడు. కాబట్టి నరాలు లేకపోయినా నరం చేసే పని అక్కడ జరుగుతోంది. మన అత్తిపత్తి ఆకు ముడుచుకోవడం వెనక ఉన్నదీ అటువంటి తరంగమే. పిల్లలకు అత్తిపత్తితో మొదలుపెట్టి చెబితే తేలిక, బడి ఆవరణలోనే దొరుకుతుంది.

ఒక్క తాకిడికి నోరు మూసుకోదు. సుమారు 20 సెకన్లలోపు రెండో తాకిడి తగిలితేనే మూసుకుంటుంది. గాలికి వచ్చి పడిన ఆకుముక్క, వాన చినుకు సాధారణంగా ఒకసారి తాకి ఊరుకుంటాయి. నడిచే పురుగు మళ్లీ తాకుతుంది. మొదటి తాకిడి జ్ఞాపకం ఎక్కడ ఉంటుందంటే, ఆకు కణాలలో పెరిగిన కాల్షియంలో. తాకినప్పుడల్లా కాల్షియం మట్టం లేస్తుంది, ఆ వెంటనే మెల్లగా దిగుతూ వస్తుంది. దిగిపోయేలోగా రెండో తాకిడి వచ్చి దాన్ని గీత దాటిస్తే నోరు మూతపడుతుంది. ఆలస్యమైతే లెక్క మళ్లీ మొదటికే. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ కాల్షియం లేచి దిగడాన్ని వెలుగు రూపంలో కంటికి కనపడేలా చేశారు.

మూసుకోవడానికి పట్టే సమయం సెకనులో పదో వంతు. కండరాలు లేని ఆకుకు అంత వేగం ఎలా వచ్చిందనే సంగతి 2005లో తేలింది. ఆడపిల్లలు జడకు పెట్టుకునే టిక్‌టిక్ పిన్నును తరగతికి తెప్పించండి. ఒకవైపు వంగి ఉన్న రేకును కొద్దిగా నొక్కుతూ పోతే ఒక దశలో దానంతట అదే టక్కున రెండోవైపుకు వంగుతుంది. తెరిచి ఉన్నప్పుడు ఆకు రెక్క బయటికి ఉబ్బి ఉంటుంది. సంకేతం అందగానే కణాలలో నీటి ఒత్తిడి మారి, రెక్క నెమ్మదిగా ఆ దశకు చేరి, ఒక్కసారిగా లోపలికి గుంటపడుతుంది. వేలితో పిన్ను నొక్కి చూసిన పిల్ల దీన్ని జన్మలో మరిచిపోదు.

అక్కడితో అయిపోలేదు. మూసుకున్న మొదటి క్షణాలలో అంచు ముళ్ల మధ్య కటకటాల్లా సందులు ఉంటాయి. మరీ చిన్న పురుగు వాటిలోంచి తప్పించుకుపోతుంది. దాన్ని అరిగించడానికి పెట్టే ఖర్చు గిట్టుబాటు కాదు కాబట్టి మొక్కకూ అదే మేలు. పెద్దదైతే లోపల గింజుకుంటూ నూగును తాకుతూనే ఉంటుంది. తాకిళ్ల లెక్క ఐదుకు చేరే సరికి జీర్ణరసాల తయారీ మొదలవుతుందని జర్మనీలోని వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారు 2016లో చూపించారు. ఎంత గింజుకుంటే అంత రసం. అంచులు అతుక్కుపోయి ఆకు పొట్టగా మారుతుంది. వారం పది రోజులకు తెరుచుకుంటే లోపల ఎండిన డొల్ల మిగులుతుంది, దాన్ని గాలో వానో తీసుకుపోతుంది. ఎవరో పుల్లతో పొడిస్తే మూసుకున్న నోరు మాత్రం, లోపల ఏమీ కదలదు కాబట్టి, ఒక రోజు అటూ ఇటూగా ఉత్తచేతులతో తెరుచుకుంటుంది. కాబట్టి ప్రదర్శన కోసం వేలు పెట్టి మూయించడం దాని చేత ఉపవాసంలో వెట్టిచాకిరీ చేయించడమే.

ఇంకొక్క ప్రశ్న ఆ పాప అడగలేదు గాని అడగబోతుంది: పరాగసంపర్కానికి వచ్చిన పురుగునూ తినేస్తే గింజ ఎలా పడుతుంది? తెల్లని పూలను నోళ్లకు దూరంగా, జానెడు పొడవు కాడ మీద ఎత్తి పెడుతుంది. పూల మీద వాలే చిన్న తేనెటీగలు, పెంకుపురుగులు నోళ్లలో దాదాపు కనపడలేదని 2018లో అక్కడి పరిశోధకులు లెక్కతీసి చెప్పారు.

ప్రశ్న: వీనస్ ఫ్లైట్రాప్ అంతరించిపోతోందా? మరి ఆన్‌లైన్‌లో ఇంత తేలికగా ఎలా అమ్ముతున్నారు? నీలం, ఊదా రంగుల విత్తనాలు కూడా చూశాను. — డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా ప్రయోగశాలలో కణజాల వర్ధనంతో, అంటే మొక్కలోని చిన్న ముక్క నుంచి, పెంచిన మొక్కలు. అటువంటివి కొనడంలో తప్పు లేదు. అడవిలోని మొక్క పరిస్థితి వేరు. మంటలు ఆపడం, కాలువలు తవ్వి నేలను ఆరబెట్టడం, ఇళ్ల స్థలాలు వేయడం వల్ల దాని చోటు తగ్గిపోయింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దాన్ని ముప్పుకు లోనయ్యే (వల్నరబుల్) జాతుల జాబితాలో చేర్చింది. సంచులతో తవ్వుకుపోయే దొంగల బెడద పెరగడంతో ఉత్తర కరొలైనా 2014 డిసెంబరు నుంచి ఆ దొంగతనాన్ని జైలుశిక్ష పడే పెద్ద నేరంగా మార్చింది. అమెరికా కేంద్రప్రభుత్వ చట్టం కింద అంతరించే జాతిగా ప్రకటించాలన్న అర్జీని మాత్రం, ప్రస్తుతానికి అవసరం లేదని 2023లో తోసిపుచ్చారు.

నీలం విత్తనాలు శుద్ధ మోసం. నోటి లోపలి రంగు పచ్చ నుంచి ముదురు ఎరుపు దాకా ఉంటుంది, నీలం ఉండదు. అసలు విత్తనం నల్లగా నిగనిగలాడుతూ ఆవగింజ కన్నా చిన్నదిగా ఉంటుంది. దాన్ని నాటినా పూత దాకా రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది.

ప్రశ్న: ఎక్కడి మొక్కల గురించో చదువుతున్నాము. మన మహేంద్రగిరి చుట్టుపక్కల పురుగులను తినే మొక్కలు లేవా? — పర్లాకిమిడి

జవాబు: ఉన్నాయి. ఈ ఉత్తరం కోసమే మిగిలినవి రాస్తూ వచ్చాను.

ఆకుల మీది జిగురుతో పురుగును పట్టే మొక్కలను డ్రోసిరా అంటారు, మన దేశంలో వాటి జాతులు మూడు. వాటిలో రెండు, డ్రోసిరా బర్మాని, డ్రోసిరా ఇండికా, ఒడిశాలోనూ ఉత్తరాంధ్రలోనూ తడి నేలలలో కనపడతాయి. వీనస్ ఫ్లైట్రాప్‌కు ఇవి ఒకే కుటుంబంలోని దాయాదులు. 1860లో ఇంగ్లండ్ బయళ్లలో డ్రోసిరా ఆకులకు అతుక్కున్న పురుగులను చూసే డార్విన్ ఈ దారి పట్టాడు. 1875లో ఆయన కీటకాహార మొక్కల మీద వెలువరించిన పుస్తకంలో పెద్ద భాగం డ్రోసిరాదే, ఫ్లైట్రాప్‌ది కాదు.

పోయిన కార్తీకంలో మహేంద్రగిరి వైపు దారిలో ఒక చెరువు గట్టు దిగువన డ్రోసిరా బర్మానిని మళ్లీ చూశాను. చోటు చెప్పను, చెబితే గడ్డపారతో వెళ్లేవారు ఉన్నారు. ఊటనీరు చెమర్చే ఎర్రటి గులకనేల, పశువులు మేసి గడ్డిని పొట్టిగా ఉంచిన చోటు. నిలబడి చూస్తే నేల మీద ఎర్రని మరకలు. గొంతుక్కూర్చుంటే ఒక్కో మరకా రూపాయి బిళ్లంత చక్రం. చెంచా ఆకారపు ఆకులు నేలకు అంటుకుని చుట్టూ పరుచుకున్నాయి, ప్రతి ఆకు మీదా గుండుసూదుల్లాంటి రోమాలు, ప్రతి రోమం తల మీదా జిగురుబొట్టు. పొద్దున ఎనిమిది గంటల ఏటవాలు ఎండలో అవి మంచుబొట్లలా మెరిశాయి. అయితే మంచు తొమ్మిదికి ఆరిపోతుంది, ఇవి మధ్యాహ్నానికీ అలాగే ఉంటాయి. నేను చూస్తుండగానే ఒక నల్లచీమ అంచున కాలు పెట్టింది. కాలు తీయబోతే జిగురు దారంలా సాగింది. ఈ జాతిలో అంచు రోమాలు చాలా చురుకు, కొన్ని సెకన్లలోనే వంగి చీమను నడుమకు తోశాయి. గడియారం చూసుకోవాలన్న ధ్యాస నాకు రాలేదు. పక్క ఆకులో అంతకుముందు చిక్కిన దోమది ఒక రెక్క మాత్రమే మిగిలి ఉంది.

డ్రోసిరా ఇండికా చూపుకు వేరుగా ఉంటుంది. నేలకు పరుచుకోకుండా సన్నని కాడతో జానెడు వరకు, కొన్నిచోట్ల అంతకు మించి లేస్తుంది. ఆకులు దారపుపోగుల్లా ఉండి ఒళ్లంతా జిగురు, గులాబీరంగు చిన్న పూలు. మూడోది, డ్రోసిరా పెల్టాటా, ఎత్తయిన కొండల చల్లదనం కోరుకుంటుంది.

ఇక వరిమళ్లలో, చెరువులలో యూట్రిక్యులేరియా అనే, చిన్న తిత్తులతో పురుగును పట్టే మొక్క ఉంది. కోతకు ముందు మడి గట్టు వార తడిలో, గడ్డిపోచ లాంటి కాడ చివర పసుపుదో నీలిదో అగ్గిపుల్ల తలంత పూవు కనపడితే తలవంచి చూడండి, అది ఈ తెగదే కావచ్చు. ఉచ్చులు నేలలో ఉంటాయి. చెరువులో తేలే రకాన్ని చేతితో ఎత్తితే వేళ్లే ఉండవు. ఈకల్లా చీలిన ఆకుల మధ్య ఆవగింజంత తిత్తులు వేలాడుతుంటాయి. తిత్తి తనలోని నీటిని తోడేసి, గోడలు లోపలికి పీక్కుపోయి, బిగపట్టి కాచుకుని ఉంటుంది. వాకిట్లోని వెంట్రుకను నీటిపురుగు తాకగానే తలుపు తెరుచుకుని, నీటితోపాటు పురుగు లోపలికి పీల్చబడుతుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువలో జరుగుతుందని 2011లో వేగపు కెమెరాలతో కొలిచారు. అమెరికా మొక్క చూపే వేగం దీని ముందు నత్తనడక, కాకపోతే ఇది మన కంటికి కనపడదు, అందుకే దీన్ని ఎవరూ 700 రూపాయలు పెట్టి కొనరు.

మీరు వెతకాలనుకుంటే దసరా తరువాత, పొలాలు ఇంకా తడిగా ఉండగా, పుష్యం లోపు వెళ్లండి. ఎరువూ కలుపుమందూ పడిన మడిలో వెతకడం దండగ. గట్టు అవతల ఎవరికీ పనికిరాని ఊటనేలలో చూడండి. దొరికితే పెరకవద్దు. ఎండలు ముదిరే సరికి అదే ఎండిపోయి, విత్తనాన్ని ఆ మట్టిలోనే వదిలి, వానలకు మళ్లీ లేస్తుంది. ఫొటో తీసి పంపితే ఏ జాతో చెప్పగలను. ఆకు, పూవు రెండూ పడాలి, పక్కన కొలతకు ఒక రూపాయి బిళ్ల పెట్టండి.